బెండకాయల మందు

"ఎవరే అది? చెయ్యి తియ్యి!"

వెంకటలక్ష్మమ్మ గడప దాటి వచ్చేలోపే ఆ కొత్త ఆడమనిషి అరుగు మీది చాట ఎత్తి, బెండకాయలన్నీ నీళ్ళ తొట్టిలో పోసేసింది.

పోసి ఊరుకుందా? కొంగు ముడి విప్పి, తెల్లటిదేదో పిడికెడు తీసి ఆ నీళ్ళలో కలిపింది.

వెంకటలక్ష్మమ్మ తొట్టి దగ్గరికి ఉరికింది.

అసలే ఆమెది అనుమానపు ప్రాణం. షావుకారు తూచి ఇచ్చిన పట్టుదారాన్ని అతని ఎదుటే మళ్ళీ తూకం వేయిస్తుంది. ఇప్పుడైతే కోడలు కమలాక్షి ఏడేళ్ళకు నిలిచిన కడుపుతో ఉంది. ధర్మవరం నేతవీధిలో ఏ ఇంటినుంచి ఏ గిన్నె వచ్చినా కోడలి దాకా పోనివ్వదు.

"ఎవరు నువ్వు? ఏం కలిపినావు నీళ్ళలో?"

"ఉప్పే అవ్వా. ఈ కాయలకు మందు ఉండాది. ఉప్పునీళ్ళలో నానబెట్టి, రుద్ది కడిగి వండుకోండి. కడుపుతో ఉండే బిడ్డకు పచ్చివి మాత్రం పెట్టొద్దు."

మందు!

పురుగులకు మందు చల్లడం పల్లెల్లోకి అప్పుడప్పుడే వస్తున్న రోజులవి. వెంకటలక్ష్మమ్మకు తెలిసిన మందు ఒక్కటే. గిట్టనివాళ్ళు తిండిలో పెట్టేది.

"నా కోడలు కడుపుతో ఉండేది నీకెట్ల తెలుసు?"

"మొన్న ఈ దోవన పోతా చూసినా. అరుగు మీద కూచోని పచ్చి బెండకాయ నములుతాండె. ఆ పొద్దునుంచి నాకు నిద్ర లేదవ్వా."

"నీకెందుకమ్మా నిద్ర లేకపోయేది?"

"చల్లేటోళ్ళకు చెప్పి చూసినా, వినలా. తినేటోళ్ళకన్నా చెబ్దామని వచ్చినా."

"ఎవరు చల్లేది? పేరు చెప్పు!"

ఆమె నోరు తెరిచింది. మళ్ళీ మూసుకుంది.

"ఆ పేరు నా నోటితో చెప్పకూడదవ్వా."

గోడ మీదినుంచి చూస్తున్న పక్కింటి ఓబులమ్మ ఆ మాట అందుకుంది.

"చెప్పకూడదంట! మందు పెట్టేటోళ్ళు పేరు బయటపెడితే వాళ్ళ విద్య పోతాదంట, అందుకే చెప్పదు. పట్టుకో అక్కా, పోనీయొద్దు!"

కేకలకు వీధంతా చేరింది. వీధి చివర గంప దించుకుని బేరం చేస్తున్న అంజనప్ప కూడా వచ్చాడు. బత్తలపల్లి దోవలో అతనికి తోట ఉంది. పొద్దున ఆ బెండకాయలు అమ్మింది అతనే.

అతన్ని చూడగానే ఆమె కొంగు తలమీదికి లాక్కుని పక్కకు జరిగింది.

"ఏమప్పా అంజనప్పా, నీ కాయలకు మందు ఉండాదంట! ఎవరీమె? నువ్వెరుగుదువా?"

అంజనప్ప ఆమె వైపు చూడనే లేదు.

"ఎవరో పిచ్చిదవ్వా. నేనెరగను. దాని చెయ్యి తగిలిన కాయలు ఇంట్లోకి రానీయొద్దు."

తొట్టి తనే ఒంచేశాడు. గంపలోంచి లేతవి ఏరి చాటనిండా పోశాడు. దుడ్లు కూడా అడగలేదు. ఎంత మంచివాడో అనుకుంది వెంకటలక్ష్మమ్మ. జన్మలో ఆమె అనుమానించని మనిషి అతనొక్కడే.

"వద్దవ్వా! అవి నిన్న సాయంత్రమే..."

ఆ మాట పూర్తి కాకముందే ఓబులమ్మ పేడనీళ్ళు తెచ్చి ఆమె ముఖాన కొట్టింది. ఎవరో రాయి విసిరారు. ఆమె నుదురు పట్టుకుని, వెనక్కి తిరిగి తిరిగి చాట వైపే చూస్తూ, బత్తలపల్లి బస్సు ఆగే చోటికి వెళ్ళిపోయింది.

వెంకటలక్ష్మమ్మ ఆ కాయలు కడగలేదు. కడిగితే జిగురౌతాయి. దోసెడు లేతకాయలు కోడలి ఒళ్ళో పోసింది.

"తిను తల్లీ. మన అంజనప్ప తోటవి."

దీపాల వేళకు కమలాక్షికి వాంతులు మొదలయ్యాయి. తర్వాత నోట నురగ, కాళ్ళూ చేతులూ కొట్టుకోవడం. కొడుకు జయరాముడు, తండ్రితో కలిసి చీరలు అమ్మడానికి బెంగుళూరు పోయి ఉన్నాడు. ఓబులమ్మే జట్కా పిలిచి, ఆసుపత్రికి తోడొచ్చింది.

ఆసుపత్రిలో వెంకటలక్ష్మమ్మ గుండెలు బాదుకుంది.

"మందు పెట్టేసిందయ్యా ఆ పాపిష్టిది! నా కళ్ళతో చూసినా!"

"మందే అవ్వా. కానీ ఎవరూ పెట్టింది కాదు" అన్నాడు డాక్టరు. "కాయల మీద పురుగులకు చల్లింది. పచ్చివి, కడగనివి తినింది. ఉప్పునీళ్ళలో వేసి బాగా కడిగుంటే ఇంత దూరం రాకపోవచ్చు."

ఉప్పునీళ్ళు. వెంకటలక్ష్మమ్మ ఆ మాటే మళ్ళీ అడిగి చెప్పించుకుంది.

కోడలు బతికింది. కడుపు నిలవలేదు.

తెల్లవారి నర్సు సుశీలమ్మ కాగితం పట్టుకుని వచ్చింది.

"మగవాళ్ళు లేరు కదా, నువ్వే వేలిముద్ర వెయ్యాల. నీ ఇంటాయన పేరేమవ్వా?"

వెంకటలక్ష్మమ్మ కళ్ళు తుడుచుకుని, అలవాటుగా కొంగు తలమీదికి లాక్కుంది.

"ఆ పేరు నా నోటితో చెప్పకూడదమ్మా. ఓబులమ్మా, నువ్వు చెప్పు."

"ఈశ్వరప్ప" అంది ఓబులమ్మ.

నర్సు వేలు పట్టుకుంది. వేలు కదలలేదు. తన నోట వచ్చిన మాటే తన చెవుల్లో పడి, వెంకటలక్ష్మమ్మ రాయిలా బిగుసుకుపోయింది.

"ఏమైందక్కా?"

"మందు పెట్టేది కాదే ఓబులమ్మా... ఆయమ్మ అంజనప్ప పెండ్లామే."