చల్లారాకే వేయండి

పాలలోని చక్కెర పాపకు అరిగేలా దాన్ని విడగొట్టే ఎంజైము చుక్కలవి. మా ల్యాబులో వాటిని పరీక్షించేది నేనే. వేడి తగిలితే అవి పనిచేయవు. అందుకే పాలు చల్లారాకే వేయమని అత్తయ్యకు చెప్పాను.

అయినా పాలు తాగిన ప్రతిసారీ పాప కడుపు ఉబ్బి గుక్కపట్టి ఏడుస్తోంది. వారంలో మూడు చుక్కల సీసాలు మార్చాను.

"అసలు వేస్తున్నారా అత్తయ్యా?" ఉండబట్టలేక అరిచేశాను.

"నువ్వు చెప్పినట్టే చేస్తున్నానమ్మా. కావాలంటే చూడు." చల్లారిన పాలలో ఐదు చుక్కలు వేసి, కలిపింది. తప్పేమీ దొరక్క నాకు ఒళ్ళు మండింది.

వెంటనే గిన్నె మళ్ళీ పొయ్యి మీద పెట్టింది.

"అయ్యో, మళ్ళీ ఎందుకు కాస్తున్నారు?"

ఆవిడ ఫ్రిజ్ మీద అంటించిన కాగితం చూపించింది. "పాపకు ఏది పట్టినా ముందు మరిగించాలి" అని ఉంది. కింద రెండు గీతలు.

చేతిరాత నాదే.