నోట్లో వేసుకున్న మన్ను

పదిమంది కూడి లసుమవ్వను మా ద్రాక్షతోటలోకి గుంజుకొచ్చారు. ఒకని చేతిలో పటకారు ఉంది. మంత్రం చేసిందని నమ్మితే, మళ్లీ ఆ నోట మంత్రం పలకకుండా మా దిక్కు పళ్లు పీకుతారు.

ఆర్మూర్ అంతా పసుపు పెడితే మా బాపు హైదరాబాదు నుంచి ద్రాక్ష తీగలు తెచ్చాడు. పడమటి పందిరి గుత్తులతో వంగింది, తూర్పుది ఎండిపోయింది. రెండిటికీ ఒకటే బావి, ఒకటే ఎరువు. తూర్పు పందిరి కింద పని చేసేది మాత్రం లసుమవ్వ.

"బాపూ, జర ఆగు. మంత్రం కాదు, మన్ను" అన్నాను. ఎండిన తీగ పక్కన గడ్డపారతో మోకాలి లోతు తవ్వి, తెల్లటి మట్టి తీసి ఆయన చేతిలో పోశాను. "పైన ఎర్రగనే ఉన్నది, అడుగున చౌడు. వేరు గీడిదాక దిగంగనే తీగ మాడుతది. పడమట గిది లేదు."

బాపు కొంచెం నాలుకకు అంటించుకొని ఉమ్మేశాడు. "అవు, ఉప్పగున్నది."

పటకారు కిందికి దిగింది. లసుమవ్వ వచ్చి నా కొంగు పట్టుకుంది.

"కాలేజీ చదువు అక్కరకొచ్చిందే బిడ్డా" అని బాపు నవ్వాడు.

ఆ మెప్పు నేనొక్కదాన్నే తీసుకోబుద్ధి కాలేదు. "నా చదువు కాదు బాపూ. గుంతలు తవ్విన నాడే లసుమవ్వ గీ మన్ను నోట్లేసుకొని, ఈ దిక్కు తీగ బతకదని నాతోని అన్నది."

బాపు నవ్వు ఆగిపోయింది. "తీగ పెట్టకముందే బతకదని అన్నదా?"

అందరూ ఆమె నోటివైపు చూశారు. లసుమవ్వ నా కొంగు వదిలి, రెండు చేతులతో నోరు మూసుకుంది.