ఆరేళ్ల గ్యాప్

రేణుకి వర్క్ పర్మిట్ కార్డు వచ్చిన రోజు నీరజ్ అన్నం ముట్టలేదు.

పొద్దున తనే చేసిన గుత్తివంకాయ కూర అలాగే ఉండిపోయింది. ఏ మాటకామాటే చెప్పుకోవాలి, నీరజ్ చేతి వంట అమోఘం. పాప సాన్విని స్కూల్లో దింపేదీ అతనే, బట్టలు మడతపెట్టేదీ అతనే. సాఫ్ట్‌వేర్ ఉద్యోగం ఇంటి నుంచే కాబట్టి మీటింగ్ అవగానే వంటింట్లోకి వచ్చేస్తాడు. ఇంత చాకిరీ చేస్తూ కూడా ఆరేళ్లలో మూడు ప్రమోషన్లు కొట్టాడు!

"అంత పెద్ద ఉద్యోగం చేస్తూ ఇంటిపనంతా ఆయనేనా! ఏం పుణ్యం చేసుకున్నావక్కా!" అని పక్కింటి దేదీప్య కుళ్లుకునేది. ప్లెయిన్స్‌బరోలోని ఆ అపార్ట్‌మెంట్ల మొగుళ్లందరికీ నీరజ్ పేరెత్తితే మంట.

రేణు కళ్లు నులుముకుని నవ్వేది.

ఆమె ఎంటెక్ చదివింది. హెచ్‌-4 వీసా మీద, అంటే ఇక్కడ ఉద్యోగం చేసేవాడి భార్యగా వచ్చింది. ఆ వీసా మీద ఊరికే ఉద్యోగం చేయకూడదు, కార్డు కావాలి. నీరజ్ గ్రీన్‌కార్డు పిటిషన్ అప్రూవ్ అయ్యాక ఆ కార్డుకి అప్లై చేసే అర్హత వచ్చింది. "నీ పేపర్లు ఇవ్వు" అంటే, "ఎక్కడో ఉన్నాయి, వెతుకుతా" అన్నాడు. రెండేళ్లు వెతికాడు పాపం. చివరికి ఆమే పది నిమిషాల్లో వెతికి, ఫారం నింపి పంపింది.

"ఇప్పుడు నీకు ఉద్యోగం ఎందుకు రేణూ? ఇంట్లో ఏం తక్కువైంది?" అన్నాడు, కార్డు అటూ ఇటూ తిప్పి చూస్తూ.

"నా పేరు మీద ఒక ఉద్యోగం ఉండాలి. అంతే."

"నా ఉద్యోగం ఉంటేనే నీ కార్డు చెల్లేది. గుర్తుపెట్టుకో. నాది పోయిందంటే నీదీ పోయినట్టే."

"తెలుసు."

అలాంటి మాట అనిపించుకుంటే ఎవరికైనా ఒళ్లు మండుతుంది. రేణుకీ మండింది. ఆ రోజే అప్లికేషన్లు పెట్టడం మొదలుపెట్టింది.

ఇంటర్వ్యూలో మొదటి ప్రశ్నే అది. "రెజ్యూమెలో ఆరేళ్ల గ్యాప్ ఉంది. ఏం చేశారు?"

"ఇంట్లోనే ఉన్నానండీ."

అడిగినాయన మొహం వాడిపోయింది. మర్యాదకి ఒక కష్టమైన ప్రశ్న వేశాడు. అడగడం పూర్తవకముందే జవాబు వచ్చింది. రెండోదీ అంతే. మూడోసారి ప్రశ్నలోనే తప్పుందని రేణు సరిచేసింది.

"ఇంత టచ్‌లో ఎలా ఉన్నారు?"

"మా ఆయనదీ ఇదే ఫీల్డండీ."

వారంలో ఆఫర్ వచ్చింది. రోజూ ఆఫీస్‌కి వెళ్లాలి. సోమవారం జాయినింగ్.

"ఒక్క నెల ఆగు" అన్నాడు నీరజ్.

"ఆరేళ్లు ఆగాను."

"పోనీ, ఇంటి నుంచి చేస్తానని అడుగు."

"అడగను."

సోమవారం ఆమె కారు స్టార్ట్ చేస్తుంటే చెప్పుల్లేకుండా కిందికి పరిగెత్తుకొచ్చాడు. "రేణూ, వెళ్లొద్దు! నీకు దణ్ణం పెడతా. ఈ ఒక్క రోజు ఉండు!"

దేదీప్య బాల్కనీలోంచి ఇదంతా చూసింది. అమ్మో, ఇన్నాళ్లూ ఎంత మంచివాడనుకుంది! పెళ్లాం సంపాదిస్తానంటే వీళ్లందరి బుద్ధీ ఇంతే అనుకుని లోపలికి పోయింది.

రేణు అద్దం పైకెత్తుకుని వెళ్లిపోయింది. వెనక్కి తిరిగి చూడలేదు.

నీరజ్ పైకొచ్చి లాప్‌టాప్ తెరిచాడు. తెరమీద మేనేజర్, టీమ్ అంతా.

"నీరజ్, పోయిన వారం రాసిన మాడ్యూల్ అందరికీ కాస్త వివరిస్తావా?"

"తప్పకుండా, ఒక్క నిమిషం" అని నీరజ్ కెమెరా ఆపేసి, ఆరేళ్లుగా తన పేరుతో రేణు రాస్తూ వచ్చిన కోడ్‌ని మొట్టమొదటిసారి చదవడం మొదలుపెట్టాడు.