మంచె మోసే సంచి

"అది వద్దమ్మా, ఎత్తెక్కువ. ఇదిగో, ఇది చూడండి. దీనికి నడుము పట్టీ కూడా ఉంది."

వెర్నా తల తిప్పి చూసింది. ఎవరో పెద్దాయన. కొత్త మొహం. ఇందాకటిదాకా రబ్బరు బూట్ల దగ్గరున్నవాడు ఎప్పుడొచ్చాడో ఆమె పక్కకి వచ్చేశాడు.

అడగని సలహాలంటే వెర్నాకి ఒళ్ళుమంట.

వచ్చే శనివారమే విల్లుతో జింకల వేట మొదలు. విస్కాన్సిన్‌లో ఆ వారం వేట సామాన్ల దుకాణాల్లో కాలుపెట్టే సందుండదు. డెల్బర్ట్ దుకాణమూ అంతే.

వెర్నా కాళ్ళ దగ్గర ఒక మంచె ఉంది. చెట్టుకు బిగించుకుని కూర్చునే చిన్న రేకు మంచె. ఆమె భర్త ఆర్విడ్‌ది. దాన్నీ, విల్లునీ, బాణాలనీ కలిపి వీపున వేసుకోగలిగే సంచి ఆమెకు కావాలి. అది ప్రభుత్వ అడవి. మంచెను చెట్టుకే వదిలి రాకూడదు. పొద్దున మోసుకెళ్ళాలి, సాయంత్రం మోసుకురావాలి.

ఆర్విడ్ పోయి ఏడాది కావస్తోంది. అడవిలో గుండెపోటు వస్తే దారినపోయే వాళ్ళెవరో రోడ్డు మీదికి చేర్చి అంబులెన్సు ఎక్కించారు. ఆ పుణ్యమా అని ఆసుపత్రిలో రెండు రోజులు ఆమె చెయ్యి పట్టుకుని కబుర్లు చెప్పి మరీ పోయాడు.

ఈ ఏడు మొదటి రోజున ఆయన చెట్టు మీద తనే కూర్చోవాలని వెర్నా పంతం. అక్కడ ఎవరు ముందొస్తే చెట్టు వాళ్ళది. ఆర్విడ్ చెట్టు మీద ఇంకొకడు కూర్చుంటే ఆమె తట్టుకోలేదు.

"పొడుగుదే తీసుకో వెర్నా. అన్నీ పడతాయి," గల్లా దగ్గర్నుంచి అరిచాడు డెల్బర్ట్.

"పట్టడం ఒక్కటే కాదండీ," అన్నాడు పెద్దాయన. "బరువు వీపుకి అంటిపెట్టుకుని ఉండాలి. వెనక్కి లాగిందంటే ఆ బురదలో వెల్లకిలా పడేస్తుంది."

"బురద ఉందని మీకెవరు చెప్పారు?"

ఆయన కాస్త తడబడ్డాడు.

"వాగు దాటాక దేవదారు చెట్టొకటి దారికి అడ్డంగా పడి ఉంటుంది కదమ్మా. దాని కింద నుంచి దూరాలి. పొడుగు సంచైతే కొమ్మలకి చిక్కుకుంటుంది."

వెర్నా చటుక్కున తలెత్తింది. అది ఆర్విడ్ దారి!

అక్కడి వేటగాళ్ళు ఇంటి తాళం చెవి ఎక్కడ పెడతారో అయినా చెబుతారు గానీ, మంచె కట్టే చెట్టు ఎక్కడుందో చచ్చినా చెప్పరు. అడగడమే పెద్ద తప్పు. ఈయనెవరో ఏకంగా వెళ్ళి చూసొచ్చినట్టున్నాడు!

"మీరు వెళ్ళేది అటే కదూ?" అన్నాడాయన.

"కాదు. నేను వెళ్ళేది పక్క జిల్లాకి." తడుముకోకుండా అబద్ధమాడేసింది.

"అలాగా." ఆయన ఆమె కాళ్ళ దగ్గరున్న మంచె వంక చూశాడు. "మీ ఆయన ఆ రోజు..."

"మా ఆయన ఊసు మీకెందుకండీ? మనిషి పోయాడు, చెట్టు ఖాళీ అయిందని వచ్చారా? మొగుడు పోయినదాని దగ్గర కూపీ లాగడానికి సిగ్గుండక్కర్లా?"

దుకాణమంతా ఇటు తిరిగింది.

పెద్దాయన మొహం కందిపోయింది. టోపీ తీసి చేతుల్లో నలుపుకున్నాడు.

"తప్పుగా అనుకోకండమ్మా. జాగ్రత్తగా వెళ్ళి రండి."

వెర్నా కావాలనే పొడుగు సంచే కొనుక్కుని విసవిసా బయటికి నడిచింది.

శనివారం తెల్లవారుతుండగా అడవిలోకి బయల్దేరింది. వాగు దాటిందో లేదో బరువు వెనక్కి లాగి, బురదలో చతికిలబడింది. దేవదారు దగ్గర సంచి కొమ్మల్లో ఇరుక్కుంది. పట్టీలు విప్పి, పాక్కుంటూ దూరి, సంచిని అవతలికి ఈడ్చుకునేసరికి బాగా వెలుగొచ్చేసింది.

"ఈపాటికి ఎక్కి కూర్చునుంటాడు మహానుభావుడు," అని పళ్ళు నూరుకుంది.

చెట్టు మీద ఎవరూ లేరు.

మంచె బిగించుకుని సాయంత్రం దాకా కూర్చుంది. ఒక ఆడజింక పిల్లతో వచ్చి ఆకులు మేసి వెళ్ళింది. వెర్నా విల్లు ఎత్తలేదు. ఆర్విడ్ చూసిన కొమ్మలూ, ఆర్విడ్ చూసిన ఆకాశమూ చూస్తూ కరువుతీరా ఏడ్చింది. మనసు తేలికపడింది.

సోమవారం సంచి మార్చుకోవడానికి దుకాణానికి వెళ్ళింది.

"ఆ నడుము పట్టీ ఉన్నదివ్వు డెల్. ఆ దొంగ చెప్పిందే నిజమైంది."

"ఏ దొంగ?"

"మొన్న బూట్ల దగ్గర నిలబడ్డాడే, నా చెట్టు కాజేయబోయిన పెద్దమనిషి. ఈసారి వస్తే నాకో ఫోను కొట్టు, నాలుగు మాటలు మిగిలిపోయాయి."

డెల్బర్ట్ నవ్వలేదు.

"ఇక రాడు వెర్నా. ఇల్లమ్మేసి కూతురి దగ్గరికి పోతున్నాడు. ఏ ఊరంటే చెప్పలేదు. పేరడిగితే, 'ఇప్పుడెందుకులే' అన్నాడు. నువ్వు వెళ్ళాక చాలాసేపు ఆ మూల కుర్చీలో కూర్చున్నాడు."

"ఏం, వేట మానేస్తాడా?"

"ఆయన వేటగాడైతే కదా! జన్మలో విల్లు పట్టలేదట."

"మరి మా దారి అంగుళం అంగుళం ఎలా తెలిసింది? ఎన్నిసార్లు దూరాడో?"

"ఒక్కసారే," అన్నాడు డెల్బర్ట్, ఆమె కళ్ళలోకి చూడలేక సంచి పట్టీ సర్దుతూ. "నిరుడు రోడ్డు పక్కన టైరు మార్చుకుంటుంటే అడవిలోంచి ఎవరో సాయం కోసం ఈల వేస్తున్నట్టు వినబడిందట. వెళ్ళేటప్పుడు ఒక్కడే వెళ్ళాడు, వచ్చేటప్పుడు ఆయన వీపు మీద ఆర్విడ్ ఉన్నాడు."