నిండు గిన్నె

అయిదో గిన్నె టీ కూడా సగమే పోసి అందించింది కురలాయ్. షిమ్‌కెంట్ ఊళ్లో చుట్టాలకి ఇంటివాళ్లు సగం పోస్తే ఇంకాసేపు కూర్చోమని, నిండా పోస్తే ఇక బయల్దేరమని అర్థం.

"నాలుగు నెలల అద్దె సంగతి..." అంది ఇంటి ఓనరు బీబీజాన్.

"తాగు పెద్దమ్మా, చల్లారిపోతుంది."

వచ్చినప్పుడల్లా ఇదే వరస. ఖాళీ చెయ్యమనే మాట బీబీజాన్ నోటిదాకా వస్తుంది, టీతోపాటు మళ్లీ లోపలికి పోతుంది.

ఈసారి ఆవిడే కెటిల్ అందుకుంది. కురలాయ్ గిన్నెలో అంచుదాకా పోసింది.

"అదేంటి పెద్దమ్మా, చుట్టానివి నువ్వు పొయ్యడమేంటి? అదీ అంత నిండా?"

"చుట్టానివి నువ్వేనే. ఇల్లు నాది కదా." బీబీజాన్ తీరిగ్గా దిండుకి చేరగిలబడింది. "తాగు తల్లీ, చల్లారిపోతుంది."