కర్త లేని వాక్యం

"నీళ్ళొచ్చేస్తుంది! ఏవండీ, నీళ్ళొచ్చేస్తుంది!"

వంటింట్లో సింకు కింద పైపు ఊడిపోయింది. మరదలు మోకాళ్ళ మీద కూర్చుని, చేతికందిన గుడ్డ నొక్కిపట్టి అరుస్తోంది. నీళ్ళు గుడ్డను ఏమాత్రం లెక్కచేయకుండా ఆమె మొహం మీదికి చిమ్ముతున్నాయి.

గుమ్మంలోకి ముందుగా వచ్చింది మొగుడు కాదు, అతని అక్క. బళ్ళో వ్యాకరణం చెప్పే టీచరు. సెలవు రోజైనా పిల్లల పరీక్ష పేపర్లు దిద్దుతూ కూర్చున్న మనిషి, ఎర్ర పెన్నుతోనే లేచొచ్చింది.

"వచ్చేస్తుంది కాదు, వచ్చేస్తున్నాయి. నీళ్ళు ఎప్పుడూ బహువచనమే," అంది.

"వదినా! మునిగిపోతున్నాం ఇక్కడ!"

"ఆ, అది సరిగ్గానే అన్నావు."

ఈమెకి తమ్ముడూ, ఆమెకి మొగుడూ అయిన ఆ ఒక్క మగవాడు మేడ మీదికి పరిగెత్తి, ట్యాంకు వాల్వు కట్టేసి దిగేసరికి వంటిల్లు చెరువైంది. బుట్టలోని ఉల్లిపాయలు గడప దాకా తేలివచ్చాయి.

ప్లంబరు వచ్చాడు. సింకు కిందికి దూరి, టార్చి వేసి చూసి, అక్కణ్ణుంచే తీర్పు చెప్పాడు. "వాషర్లన్నీ పోయిందండీ."

"పోయాయి," అంది వదిన.

"అదేనండీ, పోయింది."

"అన్నీ అన్నాక పోయింది అనకూడదు బాబూ. పోయాయి అనాలి."

ప్లంబరు తల బయటికి పెట్టాడు. "పోయాక ఎలా అంటే ఏంటండీ? మళ్ళీ తిరిగొస్తుందా?"

"తిరిగొస్తాయా!"

అతను మరదలి వంక ఒకసారి జాలిగా చూశాడు. సామాను తెస్తానని చెప్పి వెళ్ళాడు. పోయినవాడు పోయినట్టే. ఎంతసేపటికీ రాలేదు. ఈలోగా వదినే కొంగు దోపుకుని, కింది వాటావాళ్ళింట్లోంచి బకెట్లతో నీళ్ళు మోసుకొచ్చింది. మెట్లెక్కుతూ ఆయాసపడింది గానీ తమ్ముణ్ణి బకెట్టు ముట్టుకోనివ్వలేదు. ఆ నీళ్ళు వంటకే సరిపోయాయి.

మధ్యాహ్నం మరదలు ప్లంబరుకి ఫోన్ చేసింది.

"ఆ మేడమ్ బడికెళ్ళాక చెప్పండమ్మా, అప్పుడొస్తా," అని అతను పెట్టేశాడు.

మరదలు వదిన ఎదురుగా వెళ్ళి నిలబడింది. "విన్నారా? మీరింట్లో ఉంటే రాడంట. మీ బడి రేపు. అప్పటిదాకా గిన్నె కడుక్కోడానికి చుక్క నీళ్ళు లేదు!"

"లేవు."

ఆ మాట వదిన కావాలని అనలేదు. దానంతటదే నోట్లోంచి జారిపోయింది. కానీ అప్పటికే మరదలి ఓపిక తెగిపోయింది.

"ఏంటొదినా మీకొచ్చే లాభం? చెప్పుల షాపులో పొద్దస్తమానం మాట్లాడేది నేను! 'ఈ చెప్పులు మీకు బాగుంది' అంటే నవ్వుకుంటూ కొనుక్కెళ్తున్నారు గానీ, 'బాగున్నాయి' అనలేదని ఒక్కరూ తిరిగిచ్చి పోలేదు. అర్థమైతే చాలదా?"

"మాట వదులైతే అర్థం కారిపోతుందమ్మాయ్."

"కారనివ్వండి! పన్ను నొప్పితో ఏడుస్తూ 'పళ్ళు లాగేస్తుంది' అంటే దిద్దారు. సరే అనుకున్నా. మొన్న నేను కలలో పలవరిస్తే, పొద్దున్నే లేపి మరీ దిద్దారు!"

"లేపలేదు. నువ్వు లేచేదాకా ఆగాను," అంది వదిన చిన్నగా.

తమ్ముడు తుడిచిన చోటే మళ్ళీ మళ్ళీ తుడుస్తున్నాడు. అడకత్తెరలో పోకచెక్కకి అంతకంటే మంచి పని దొరకలేదు.

"ఇక నా వల్ల కాదు," అంది మరదలు. "ఈ పైపులూ ఈ పాఠాలూ చాలు. వేరే ఇల్లు చూశాం. అడ్వాన్సు కూడా ఇచ్చేశాం. ఒకటో తారీఖున వెళ్ళిపోతున్నాం!"

తుడుపు గుడ్డ ఆగిపోయింది.

"అబ్బా, ఇప్పుడెందుకే అది? నెమ్మదిగా చెబుదామనుకున్నాం కదా," అన్నాడు తమ్ముడు.

వదినని చూస్తే ఎవరో చెంప మీద కొట్టినట్టుంది. తడి నేల మీద పాదాలు ఎక్కడ పెట్టాలో తెలియనట్టు అటూ ఇటూ కదిలి, చివరికి గోడకి ఆనుకుంది. తమ్ముడి వైపు చూసింది. అతను చిరాకుగా భార్యవంకే చూస్తున్నాడు తప్ప ఇటు తిరగలేదు.

"అందులో కర్త లేదు," అంది ఎప్పటికో.

"ఏంటి?"

"వెళ్ళిపోతున్నాం అన్నావు. ఎవరో చెప్పలేదు."

మరదలు రెండు చేతులతో తల పట్టుకుంది. "అయ్యో రామా! ఇప్పుడు కూడా వ్యాకరణమేనా వదినా?"

"దిద్దడం లేదమ్మాయ్. అడుగుతున్నాను." వదిన గొంతు ఆమెకే వినిపించనంత చిన్నదైపోయింది. "మేమా? మనమా?"

మరదలు నుదురు టపీమని కొట్టుకుంది.

"మేమైతే ఎగిరి గంతేసి చెప్పేదాన్ని కదా వదినా! మనం!"