శుక్రవారం చప్పుడు

“గుమ్మడికాయ తేవద్దన్నానా లేదా?” సంచీలోని కూరగాయలు వంటింటి గట్టు మీద కుమ్మరిస్తూ అడిగింది ఖైరా.

“గుమ్మడికాయ లేని కుస్కుస్ ఏం కుస్కుసు?” అన్నాడు లఖ్దర్.

“మనబ్బాయి హువారికి గిట్టదని తెలీదూ?”

“వాడొచ్చిన రోజు మానేద్దువులే. ఇవాళ వెయ్యి.”

“వేస్తాను, వేస్తాను. ఆ వీధి తలుపొకటి బార్లా తెరిచి వచ్చావు. మొన్న ఎవడో తిన్నగా వంటింట్లోకొచ్చి గిన్నె మీద మూత తీశాడయ్యా! గరిటె పుచ్చుకుని తరిమాను. ఆ పూట నువ్వెక్కడ చచ్చావో!”

లఖ్దర్ వెళ్లి గొళ్లెం వేసి వచ్చాడు.

అసలు ఆమె కోపం గుమ్మడికాయ మీద కాదు, కారు మీద. ప్రతి ఉదయం ఖైరా ఆ పాత కారెక్కి కూర్చుని, ఇంజన్ ఆన్ చేసి వింటుంది. ఇవాళ అది గడగడమంది. సీటు వణికింది. అద్దంలో తన ముఖమే తనకు రెండుగా కనిపించింది.

“బెషార్ నుంచి పిల్లాడు మిలిటరీ సెలవు మీద వస్తున్నాడా? బస్సువాడు ఒరాన్‌లో దింపేసి పోతాడా? అక్కణ్ణుంచి ఈ ముస్తగానెం దాకా ఈ డొక్కు కారే కదా దిక్కు! ఇది దారిలో ఆగిపోతే ఎడారిలో అలిసొచ్చినవాణ్ణి రోడ్డు మీద నిలబెడతావా?”

“మేస్త్రీకి చెప్పాను. వస్తాడు.”

మేస్త్రీ వచ్చి తలుపు కొట్టి, గుమ్మం బయటే నిలబడ్డాడు. నెరిసిన గడ్డం. నూనె మరకల నీలం చొక్కా. చేతిలో పనిముట్ల పెట్టె.

“సలాం హాజ్జా,” అన్నాడు, పెద్దావిడలను పిలిచే మర్యాదతో. “కారు మొరాయిస్తోందట?”

“మొరాయించడం కాదు, చలిజ్వరం వచ్చింది దానికి. నిలబడితే వణుకు. కాస్త వేగం అందుకుంటే తగ్గుతుంది. ఆపగానే మళ్లీ మొదలు.”

మేస్త్రీ బానెట్ ఎత్తాడు. ఇంజన్ నడుస్తుండగానే స్పార్క్ ప్లగ్గుల తీగలు ఒక్కొక్కటే ఊడదీసి మళ్లీ పెట్టాడు. తీసినప్పుడల్లా ఇంజన్ నీరసపడింది. అంటే సిలిండర్లన్నీ పనిచేస్తున్నట్టే. పొడవాటి స్క్రూడ్రైవర్ కొన నీళ్ల పంపుకు ఆనించి, పిడి చెవి దగ్గర పెట్టుకుని విన్నాడు. అక్కడా ఏమీ లేదు. కారు కిందికి దూరి పొగగొట్టాన్ని ఊపి చూశాడు. అదీ గట్టిగానే ఉంది.

“అన్నీ బాగుంటే ఆ చప్పుడు నా పళ్లదా?” అంది ఖైరా, అతని నెత్తి మీదే నిలబడి.

చివరికి లఖ్దర్‌ను స్టీరింగ్ ముందు కూర్చోబెట్టాడు. బ్రేకు తొక్కిపట్టి, గేరు వేసి, క్లచ్ మెల్లగా వదలమన్నాడు. ఇంజన్ కూర్చున్నచోటు నుంచి ఒక్కసారి ఎగిరి పడింది.

“ఇదిగో హాజ్జా. ఇంజన్ కింది రబ్బరు దిమ్మకు బోల్టు వదులైంది. ఇంజన్ ఊగి బాడీకి కొట్టుకుంటోంది.”

“మరి ఇదే ముందు చూడొచ్చుగా?”

“చూడొచ్చు. తొందరేముంది హాజ్జా?”

“నీకేం లేదు. నాకుంది!”

లఖ్దర్ జేబులోంచి రుమాలు తీసి, శుభ్రంగా ఉన్న అద్దాన్నే తుడవసాగాడు.

బోల్టు బిగిసింది. ఈసారి అద్దం కదల్లేదు. ఖైరా పర్సు తెరవబోతే మేస్త్రీ తల అడ్డంగా ఊపాడు.

“శుక్రవారం పూట పుచ్చుకోను.”

“అయితే తిని కదులు. నా గుమ్మంలో పనిచేసి ఖాళీ కడుపుతో పోయిన మేస్త్రీ ఇంతవరకూ లేడు.”

ముగ్గురూ గోధుమరవ్వ కుస్కుస్ నింపిన ఒకే పళ్లెం చుట్టూ కూర్చున్నారు. ఖైరా తన వైపున్న మాంసం ముక్క మేస్త్రీ వైపు తోసింది. దాని వెనకే గుమ్మడి ముక్కలన్నీ తోసింది. అతను ఒక్కటీ మిగల్చకుండా తిన్నాడు.

“అదుగో, మా వాడు,” అంటూ ఆమె గోడ మీది పసుపుబారిన పాత ఫోటో చూపించింది. సైనికుడి దుస్తులు, అప్పుడే వస్తున్న మీసం.

మేస్త్రీ తలెత్తి చూశాడు. “చక్కని కుర్రాడు.”

“నీకంటే అందగాడులే!”

“అవును హాజ్జా.”

“మీ అమ్మ ఉందా?”

“ఉంది.”

“వెళ్లి చూస్తుంటావా, పనీ పనీ అని ఊళ్లు పట్టుకు తిరుగుతావా?”

“ప్రతి శుక్రవారం వెళ్తాను.”

“మరి ఇవాళ ఇక్కడ తిన్నావంటే కోప్పడదూ?”

మేస్త్రీ చెంచా కాసేపు గాలిలోనే ఆగింది. “కోప్పడదు,” అన్నాడు.

లఖ్దర్ నీళ్ల కూజా పట్టుకుని లేచాడు. కూజా నిండుగానే ఉంది. అయినా వంటింట్లోకి వెళ్లి, చాలాసేపటికి తిరిగొచ్చాడు. వచ్చినవాడి కళ్లు ఎర్రబడి ఉన్నాయి. ఖైరా అది గమనించలేదు. ఆమె చెంచా పక్కన పెట్టి, చేతులు తుడుచుకుని, నిటారుగా కూర్చుంది.

“ఇద్దరూ వినండి. రేపు పొద్దున్నే ఒరాన్ వెళ్తున్నాం. బస్సు ఎప్పుడొస్తే అప్పుడే, అక్కడే కూర్చుంటాను. నా బిడ్డ బస్సు దిగి మొదట చూసే ముఖం నాదే కావాలి. ఇక దీనికి తిరుగులేదు.”

“అలాగే హాజ్జా, కారు సిద్ధంగా ఉంది,” అన్నాడు హువారి, వచ్చే శుక్రవారం కూడా తల్లి లేవకముందే వచ్చి ఆ బోల్టు వదులు చేయాలని గుర్తుపెట్టుకుంటూ.